హాలు కంప్యూటర్ మార్చే ముందు ఒక మాట



వచ్చే ఆదివారం కార్యవర్గ సమావేశంలో హాలుకి కొత్త ల్యాప్‌టాప్, కొత్త ప్రొజెక్టర్ కొనాలన్న ప్రతిపాదన వస్తోంది. ఉగాది నాడు తెర మీద జరిగినదాని తర్వాత ఆ మాట రావడం సహజమే. తెర దగ్గర కూర్చునే ముగ్గురం మేమే. ఆ రోజు మాటలు పడ్డదీ మేమే. అందుకని సమావేశానికి ముందే మా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాం. కాస్త పొడుగ్గా ఉంటుంది, తీరిక చూసుకుని చదవండి.

ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం జరిగింది ముందు చెప్తాం. పంచాంగ శ్రవణం అయ్యాక, ఆ ఏడాది మనల్ని విడిచి వెళ్లిన పెద్దల ఫొటోలు తెర మీద వేసి, ఒక్కొక్కరి గురించి రెండు ముక్కలు చెప్పుకోవడం మనకి చాలాకాలంగా ఉన్న అలవాటు. ఈసారి పదకొండు మంది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మన బరంపురం కుర్రాడే మూడు రాత్రులు కూర్చుని ఆ పీపీటీ చేశాడు. అందంగా చేశాడు, అందులో అనుమానం లేదు. ముందురోజు సాయంత్రం మెయిల్లో పంపాడు. మేం ఫోన్లో తెరిచి చూశాం, బాగానే ఉంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇళ్లకి పోయాం. తప్పు అక్కడే జరిగింది, అది మాది.

మర్నాడు హాలు కంప్యూటర్లో పెడితే మొదటి స్లైడ్‌లోనే పెద్దక్షరాలు గీత దాటి కిందకి జారాయి. రెండో స్లైడ్‌లో ఫొటో ఉంది, కింద ఊరు పేరు సగం తెర బయట పడిపోయింది. నాలుగో పెద్దాయన గొంతు వినిపించాల్సిన చిన్న వీడియో కదలకుండా బొమ్మలా నిలబడిపోయింది. ఆరో స్లైడ్ వచ్చేసరికి పేరు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తి మీద గీతలు, చుక్కలు, కొమ్ములు. ఆ స్లైడ్ ఎవరిదో ముందు వరసలో కూర్చున్న ఆయన భార్యకి ఫొటో చూడగానే తెలిసింది. ఆవిడ మనందరికీ పిన్నిగారే. పక్కనున్న మనవరాల్ని అడిగింది, "మీ తాతయ్య పేరు ఎక్కడే, ఓసారి చదువు" అని. పిల్ల కళ్లు చికిలించి చూసి, "ఏమో మామ్మా, ఇంగ్లీషులా ఉంది కానీ ఇంగ్లీషు కాదు" అంది.

మైకు పక్కనే ఉండడంతో ఆ మాట హాలంతా వినపడింది.

ఇది చిన్న విషయం అనుకునేవాళ్లు మనలో ఉన్నారు. ఫొటో వచ్చింది కదా, పేరు ఎవరికి తెలీదు అని ఒకరిద్దరు అన్నారు కూడా. వాళ్లతో మేం ఏకీభవించం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు మన తాతలు ఎక్కడికీ కదల్లేదు, ఊరే మద్రాసు ప్రెసిడెన్సీ లోంచి కదిలి అవతలికి వెళ్లింది. ఆ తర్వాత పుట్టినవాళ్లం బళ్లో ఒడియా నేర్చుకున్నాం, కచేరీలో ఒడియా, ఇంగ్లీషు రాశాం. అందులో బాధేమీ లేదు, అది మన ఊరి భాష, మన ఇరుగుపొరుగు భాష. కానీ ఆ పెద్దాయన పేరు ఓటరు కార్డు మీద ఒడియాలో, ఇంగ్లీషులో ఉంది. పింఛను కాగితాల్లో ఇంగ్లీషులో ఉంది. దుకాణం బోర్డు మీద ఒడియాలో ఉంది. ఆయన పేరు పదిమంది ముందు పెద్దక్షరాలతో తెలుగులో కనపడే చోటు మన హాలు తెర ఒక్కటే, అదీ జన్మకి ఒక్కసారి. ఆ ఒక్కసారీ మనం కొమ్ములూ చుక్కలూ చూపించాం.

సరే, తప్పు కంప్యూటర్‌దా? మా మాట ఏమిటంటే, కొత్తది కొన్నా ఆ ఆరో స్లైడ్ అలాగే వచ్చేది. ఎందుకో చెప్తాం.

ఆ పేరు, ఆయన వివరాలు మన పాత సావనీర్ ఫైల్లోంచి తీసి అతికించినవి. ప్రెస్సుల్లో ఏళ్ల తరబడి అను ఫాంట్లతో కంపోజ్ చేసేవారు, ఇప్పటికీ చాలాచోట్ల చేస్తారు. ఆ పద్ధతిలో ఫైలు లోపల దాగి ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. ఆ ఫాంట్ ఉన్న మెషీన్‌లో అవి తెలుగు వేషం వేసుకుంటాయి, లేని మెషీన్‌లో వేషం జారిపోతుంది. కుర్రాడి ల్యాప్‌టాప్‌లో ఆ ఫాంట్ ఉంది. మేం చూసిన ఫోన్లో ఎలా బాగుంది అంటారా? మేం మొదటి నాలుగు స్లైడ్లే చూశాం. నిజం చెప్పేస్తున్నాం.

మిగతావన్నీ యూనికోడ్‌లో ఉన్నాయి. యూనికోడ్‌లో టైపు చేస్తే తెలుగు తెలుగుగానే ఉంటుంది. ఆ ఫాంట్ లేకపోతే కంప్యూటర్ తన దగ్గరున్న ఇంకో తెలుగు ఫాంట్‌ని తెచ్చి పెడుతుంది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి వచ్చింది, విండోస్ 7తో వాణి వచ్చింది, విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ వచ్చింది. మన హాలుది విండోస్ 7, పవర్‌పాయింట్ 2007. కాబట్టి అక్షరాలు పోలేదు, కొలతలు పోయాయి. ఒక్కో ఫాంట్‌లో అక్షరం వెడల్పు ఒక్కోలా ఉంటుంది, ఒత్తుకీ గుడికీ వదిలే జాగా ఒక్కోలా ఉంటుంది. ఒక ఫాంట్‌లో రెండు వరసల్లో సర్దుకున్నది ఇంకోదాంట్లో మూడు వరసలవుతుంది. ఊరు పేరు తెర దిగిపోయింది అందుకే. ఇంగ్లీషు స్లైడ్లు చేసేవాళ్లకి ఈ బాధ ఇంతగా తెలీదు. తెలుగు అక్షరానికి పైనా కిందా కూడా చుట్టాలుంటారు, వాళ్లకీ చోటు కావాలి.

వీడియో సంగతి వేరే. పవర్‌పాయింట్ 2010 నుంచి వీడియోని ఫైలు లోపలే పొదగొచ్చు. 2007కి ఆ విద్య రాదు, పొదిగిన వీడియోని బొమ్మగా చూపించి ఊరుకుంటుంది. ఇంకా పాతరోజుల్లో అయితే పాటలది కూడా ఇదే గొడవ. మనవాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఒక వార్షికోత్సవంలో పిల్లల డాన్సు ముందు పీపీటీలో పాట మోగక, చివరికి పెద్దాయన ఒకరు లేచి నోటితో పాడేశారు. అప్పటి పవర్‌పాయింట్ 100 కేబీకి మించని వేవ్ ఫైలునే మామూలుగా లోపల దాచుకునేది. ఎంపీ3 పాటయితే "ఫలానా చోట ఉంది" అని చిరునామా మాత్రం రాసుకునేది. పీపీటీ హాలుకి వచ్చింది, పాట ఇంట్లో ఉండిపోయింది. పాటనీ పీపీటీనీ ముందుగా ఒకే ఫోల్డర్‌లో పెట్టి, అక్కణ్ణుంచే స్లైడ్‌లోకి తెచ్చి, ఆఖరికి ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. ఇంత చిన్న సంగతి తెలియక ఎన్ని హాళ్లలో ఎన్ని పాటలు మూగపోయాయో.

ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్ విషయానికొద్దాం. కొనొద్దని మేం అనడం లేదు. కొంటే ఈ బాధ తీరుతుందన్న మాట మాత్రం నిజం కాదు. మొదటి కారణం, మన స్లైడ్లు మన హాలులోనే ఉండవు. పర్లాకిమిడిలో, ఛత్రపురంలో మనవాళ్లు పిలిస్తే తీసుకెళ్తాం. అక్కడ బడిలోనో కల్యాణ మండపంలోనో ఏ కంప్యూటర్ ఉంటే అదే గతి. మన ల్యాప్‌టాప్ మోసుకెళ్తాం అంటారా, కొత్తవాటిలో చాలావాటికి హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటుంది, పాత ప్రొజెక్టర్లకి వీజీఏ మాత్రమే ఉంటుంది. మధ్యలో కన్వర్టర్ కావాలి. వీజీఏ తీగలో శబ్దం రాదు కాబట్టి స్పీకర్లకి ఇంకో తీగ వేయాలి. ఇవన్నీ సంచిలో వేసుకుని బయల్దేరితే ఏదో ఒకటి ఇంట్లో మర్చిపోవడం ఖాయం.

రెండోది, ఏది కొత్త, ఏది పాత? విండోస్ 7కి మద్దతు 2020 జనవరి 14తో ఆగిపోయింది కాబట్టి మనది పాతది అంటున్నారు. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఈరోజు కొన్నది ఇంకొన్నాళ్లకి ఇలాగే మూలన కూర్చుంటుంది. అప్పటికి బెంగళూరులో ఇంకో కుర్రాడు ఇంకా కొత్త సాఫ్ట్‌వేర్‌తో ఇంకా అందంగా చేస్తాడు, అది మన "కొత్త" కంప్యూటర్లో జారిపోతుంది. ఎంతకని పరిగెత్తుతాం?

అందుకే మా వాదన ఇది. స్లైడ్లు చేసేవాళ్లు తమ కంప్యూటర్ కోసం కాక, అవి ఆడే కంప్యూటర్ కోసం చేయాలి. పెళ్లివారి వంటకి వచ్చినవాడు ముందు పొయ్యి చూసుకుంటాడు, గాడిపొయ్యా గ్యాసా అని. ఆ తర్వాతే గుండిగలు దింపుతాడు. మన పిల్లలు చదువుకున్నవాళ్లు, ఆ మాత్రం చేయలేరా? చేయగలరు. అడగనిది మనమే.

ఏం చేయాలో, ఉగాది తర్వాత మూడు ఆదివారాలు హాలులో కూర్చుని మేం చేసి చూసినవే చెప్తాం. అన్నిటికన్నా ముఖ్యమైనది, పేర్లని బొమ్మలుగా మార్చేయడం. పవర్‌పాయింట్ 2010 నుంచి "సేవ్ యాజ్"లో పిక్చర్ ప్రెజెంటేషన్ అని ఒకటుంది. అది నొక్కితే ప్రతి స్లైడ్ ఒక ఫొటో అయిపోయి కొత్త ఫైలు వస్తుంది. ఫొటోకి ఫాంట్‌తో పనిలేదు. అను అక్షరమైనా, రామభద్ర అయినా, సురన్న అయినా, చేసినవాడి తెర మీద ఎలా ఉందో మన తెర మీదా అలాగే ఉంటుంది. నష్టం లేకపోలేదు. యానిమేషన్లు పోతాయి, తర్వాత ఒక అక్షరం దిద్దాలన్నా కుదరదు. అందుకని అసలు ఫైలు వేరేగా దాచుకోవాలి. కానీ స్మరణ స్లైడ్లకి అక్షరాలు గిరగిరా తిరుగుతూ రావాల్సిన అవసరం ఏముంది చెప్పండి. పోయినవాళ్ల పేరు నిదానంగా వచ్చి నిలబడితే చాలదా!

పీడీఎఫ్ చేసినా ఇంచుమించు ఇదే లాభం. రీడర్‌లో కంట్రోల్, ఎల్ కలిపి నొక్కితే తెర నిండా వస్తుంది, బాణం గుర్తులతో ముందుకి వెళ్లొచ్చు. మాలో ఒకరికి పీడీఎఫ్ మీదే మక్కువ, ఇంకొకరికి పిక్చర్ ప్రెజెంటేషన్ మీద. ఆ తగువు ఇంకా తెగలేదు, మీ మీద రుద్దం.

అక్షరాలు దిద్దుకునేలా ఉండాలంటే ఫాంట్ ఫైలు కూడా పీపీటీతో పాటు పంపాలి. రామభద్ర, మండలి, సురన్న లాంటివి ఉచితంగా దొరుకుతాయి, ఎక్కించుకోవడానికి అడ్డులేదు. విండోస్ 7లో ఆ ఫైలు మీద కుడి బటన్ నొక్కి ఇన్‌స్టాల్ అంటే అయిపోతుంది. ఫాంట్‌ని పీపీటీ లోపలే పొదిగే ఏర్పాటు కూడా ఉంది, దాని లైసెన్సు ఒప్పుకుంటే. ఏ దారి పట్టినా ఒత్తులు సరిగ్గా కూర్చున్నాయో లేదో మన తెర మీద ఒకసారి కళ్లతో చూసుకోవాల్సిందే.

స్లైడ్ ఆకారం గురించి ఎవరూ పట్టించుకోరు, మేం కూడా పట్టించుకోలేదు. 2013 నుంచి పవర్‌పాయింట్ తెరవగానే వెడల్పాటి స్లైడ్ ఇస్తుంది, పదహారుకి తొమ్మిది. మన ప్రొజెక్టర్‌ది పాత నాలుగుకి మూడు లెక్క, 1024 చుక్కల వెడల్పు, 768 ఎత్తు. వెడల్పు స్లైడ్ వేస్తే దానికి 576 ఎత్తే దక్కుతుంది, పైనా కిందా నల్ల పట్టీలు. అంటే తెరలో పావు వంతు వృథా, అక్షరాలు ఆ మేరకి చిన్నవి. వెనక వరసల్లో కూర్చునేది కళ్లజోళ్ల పెద్దవాళ్లు. డిజైన్ ట్యాబ్‌లో స్లైడ్ సైజు ముందే నాలుగుకి మూడు పెట్టుకుని మొదలుపెడితే సరి. అంతా చేశాక మారిస్తే ఫొటోల్లో మొహాలు సాగిపోవడమో, తలలు తెగిపోవడమో జరుగుతుంది. పెద్దల తలలు తెంపితే మాత్రం హాలులో ఎవరూ ఊరుకోరు.

ఫొటోల బరువు ఇంకోటి. ఫోన్లో తీసిన 12 మెగాపిక్సెల్ ఫొటోలో 4000 బై 3000 చుక్కలుంటాయి. మన తెర చూపించగలిగేది అందులో పదిహేనో వంతు. మిగతాదంతా ఆ ముసలి కంప్యూటర్ నెత్తిన మోత. స్లైడ్ మారడానికి అది ఆలోచిస్తూ కూర్చుంటే మనం "హ్యాంగ్ అయింది" అంటాం. పిక్చర్ టూల్స్‌లో కంప్రెస్ పిక్చర్స్ అని ఉంటుంది, ఫొటోలన్నిటికీ అది ఒక్కసారి కొడితే ఫైలు తేలికవుతుంది, తెర మీద తేడా తెలీదు. ఐఫోన్ ఉన్నవాళ్లు ఫొటోలు నేరుగా పెన్‌డ్రైవ్‌లో తేవొద్దు. హెఇక్ అనే రకంలో ఉంటే విండోస్ 7కి అర్థం కాదు. జేపెగ్‌గా మార్చి తెండి.

వీడియోని స్లైడ్ లోపల పెట్టొద్దు. డబ్ల్యూఎంవీ రకంలోకి మార్చి పక్కన వేరే ఫైలుగా ఇస్తే, ఆ చోటు రాగానే మేమే విడిగా ఆడిస్తాం. తెర మీద ఒక్క క్షణం మన డెస్క్‌టాప్ కనపడుతుంది, కొంపలేం మునగవు.

మూడేళ్ల క్రితం ఒక కుర్రాడు ఇవన్నీ ఎందుకు, ఆన్‌లైన్లో పెట్టి బ్రౌజర్లో చూపిద్దాం అన్నాడు. మన హాలు కంప్యూటర్‌ని ఇంటర్నెట్‌కి కలపడానికి మేం ఒప్పుకోం. మద్దతు ఆగిపోయిన మెషీన్‌ని నెట్‌కి కలపడం తలుపు తీసి పడుకున్నట్టే. తెర ఆడించడానికి ఆ ముసలిది చాలు, కానీ దాంట్లో సంఘం లెక్కలు, సభ్యుల ఫోన్ నంబర్ల జాబితా ఉండకూడదు. ఇప్పుడు ఉన్నాయి. ఈ విషయంలో కొత్త ల్యాప్‌టాప్ కావాలనేవాళ్లది న్యాయమైన మాట, ఒప్పుకుంటున్నాం. లెక్కలకీ ఉత్తరాలకీ ఒక మామూలు కొత్త కంప్యూటర్ తీసుకోండి, కార్యదర్శిగారి దగ్గర ఉంచండి. హాలుకి ఖరీదైనది, దానికి తోడు ప్రొజెక్టర్, ఇదంతా మాత్రం వద్దు. ఆ సొమ్ముకి వేరే పని ఉంది.

ఏం పనో కూడా చెప్పేస్తాం. ఆ రోజు ఆ పిల్ల "ఇంగ్లీషు కాదు" అంది. ఆ స్లైడ్ సరిగ్గా వచ్చి ఉంటే ఆ పిల్ల చదివేదా? చదవలేకపోయేది. మన ఆదివారం తెలుగు క్లాసుకి పలకలు, పుస్తకాలు, వచ్చే మేడమ్‌కి దారి ఖర్చులు ఇవ్వడానికి డబ్బు సరిపోక రెండు నెలలుగా ఆగిపోయింది. ప్రొజెక్టర్ మీద పెట్టేది ముందు అక్కడ పెట్టమని మా ముగ్గురి మనవి. ఇందులో ఒకరికి ఆ క్లాసులో మనవడు ఉన్నాడు. స్వార్థం అనుకుంటే అనుకోండి.

ఇక నియమం ఒకటి పెట్టమని కార్యవర్గాన్ని అడుగుతున్నాం. ఏ కార్యక్రమానికైనా స్లైడ్ల ఫైలు ఐదు రోజుల ముందు హాలుకి రావాలి. చేసినవాళ్లు గానీ, వాళ్ల తరఫున ఇంకొకరు గానీ వచ్చి మాతో కూర్చుని, ఈ కంప్యూటర్ మీదే, ఈ తెర మీదే, మొదటి స్లైడ్ నుంచి ఆఖరిదాకా చూడాలి. పాట మోగాలి, వీడియో కదలాలి, ప్రతి పేరూ పైకి చదవాలి. ముందురోజు రాత్రి వాట్సాప్‌లో వచ్చింది వేయం. అధ్యక్షులవారి ఇంట్లోంచి వచ్చినా వేయం. ఇది పెడితే మాకు శత్రువులు పెరుగుతారని తెలుసు.

బెంగళూరు కుర్రాడితో మాట్లాడాం. చాలా నొచ్చుకున్నాడు, తనదే తప్పని రాశాడు. బాబూ, నీ తప్పేం లేదు. మన కంప్యూటర్ ఎలాంటిదో నీకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లం మేం. వచ్చే ఏడు కూడా నువ్వే చేయాలి.

ఆ పదకొండు స్లైడ్లూ తిరిగి చేశాం. ఆరో దాంట్లో పేరుని అను లోంచి తీసి, యూనికోడ్‌లో టైపు చేసి, ఇంటి పేరులో "ళ" ఉండాలా "ల" ఉండాలా అన్న సందేహం వస్తే పిన్నిగారి ఇంటికే వెళ్లి అడిగాం. "ళ" అన్నారు. ఆయన సంతకం ఉన్న పాత నోటు పుస్తకం తీసి చూపించారు కూడా. ఆదివారం సమావేశం అయిదింటికి, స్లైడ్లు నాలుగున్నరకే వేస్తాం, హాలు కంప్యూటర్ మీదే. పిన్నిగారు, మనవరాలు వస్తామన్నారు. మిగతా పది ఇళ్లవాళ్లకీ ఫోన్లు చేస్తున్నాం. నంబర్ దొరకని ఇళ్లు రెండున్నాయి, తెలిసినవాళ్లు మాకు విడిగా మెసేజ్ పెట్టండి.